రాత్రంతా మొరిగే కుక్కకి మార్చాల్సింది పగలు

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. మైపాడు రోడ్డులో కొత్త లేఅవుటు, వీధి చివరి ఇల్లు, ప్రహరీ అవతల వరి మడి. జిమ్మీకి రెండున్నరేళ్లు, మగది, నాటు కుక్క. పొద్దున్నుంచి రాత్రి పది దాకా మెట్ల కింద గొలుసుతో ఉంటుంది, మీరు పడుకునే ముందు విప్పి గేటు లోపల వదిలేస్తారు. తెల్లవార్లూ మొరుగుతోంది. పక్కింట్లో బాలింత ఉంది, వాళ్లాయన గొడవకొచ్చాడు. మీ అత్తగారు దానికి ఏవో కనబడుతున్నాయంటున్నారు. మందుల షాపులో నిద్రమాత్ర సగం వెయ్యమన్నారు, మీరేమో ఆన్‌లైన్లో షాక్ కొట్టే మెడపట్టీ చూశారు. రెండిట్లో ఏది మంచిదని అడిగారు.

రెండూ వద్దు. నేను ఇందుకూరుపేట, కోవూరు వైపు పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైనవాణ్ని. మనుషుల నిద్రమాత్రలు మింగి వచ్చిన కుక్కల్ని చూశాను. ఆ రకం మాత్రలకి కొన్ని కుక్కలు మత్తులో పడకపోగా రెచ్చిపోతాయి, గోడలకి గుద్దుకుంటూ రాత్రంతా తిరుగుతాయి. మోతాదు దాని బరువును బట్టి, లివరు పరిస్థితిని బట్టి డాక్టరు చెప్పాల్సింది. షాపు కుర్రాడికి అదేం తెలుస్తుంది? పారాసెటమాల్ కూడా అంతే, మనకి జ్వరం బిళ్ల, కుక్కకి విషం కాగలదు.

షాక్ పట్టీ సంగతి ఇంకా అన్యాయం. మొరిగినప్పుడు మెడకి నొప్పి తగులుతుంది సరే, ఆ నొప్పి తన అరుపు వల్ల వచ్చిందని దానికి తెలియాలి కదా. ఆ క్షణంలో ఎదురుగా ఎవరుంటే వాళ్ల వల్ల వచ్చిందనుకుంటుంది. పక్కింటాయన గేటు ముందు నడిచినప్పుడల్లా మెడ చురుక్కుమంటే, నాలుగు రోజులకి ఆయన్ని చూసి మొరగడం మానేసి మీద పడొచ్చు. మొరిగే కుక్క కరవదని పెద్దలన్నారు గానీ, మొరుగుడు నొక్కేసిన కుక్క చెప్పకుండా కరుస్తుంది. వేల్స్ దేశంలో ఈ పట్టీల్ని 2010లోనే నిషేధించారు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంట్లో రోజూ జరిగేది జిమ్మీ వైపు నుంచి చూడండి. మన నెల్లూరు ఎండకి అది పగలంతా మెట్ల కింద నీడలో పడుకునే ఉంటుంది. వేరే పనేముంది, గొలుసు పొడవంతే దాని లోకం. సాయంత్రానికి నిద్ర తీరిపోతుంది, ఒంట్లో సత్తువ అలాగే మిగిలిపోతుంది. సరిగ్గా మీరు పడుకునే వేళకి గొలుసు విప్పి, వీధి మొత్తం కనబడే గేటు దగ్గర వదులుతున్నారు. పగలు పడుకోబెట్టి రాత్రికి గేటులో కూర్చోబెట్టిన వాచ్‌మన్ ఏం చేస్తాడో జిమ్మీ అదే చేస్తోంది. తిడుతున్నది మాత్రం డ్యూటీ చేసినందుకు.

పైగా కుక్క నిద్ర మన నిద్రలాగా ఏకధాటిగా సాగదు. చిన్న చిన్న కునుకులు, మధ్యమధ్య మెలకువలు. అలసిన కుక్కకీ మెలకువ వస్తుంది, కానీ తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంటుంది. అలసిపోని కుక్క లేచి గేటు దగ్గరికి వెళ్తుంది. తేడా అంతా అక్కడే.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి, సగం నిజమే. జిమ్మీ గాలిలోకి చూసి మొరగడం లేదు, మనకి అందనిదేదో దానికి అందుతోంది. మన చెవి 20,000 హెర్ట్జ్ దాకానే, కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది. ఎలుకలు తమలో తాము చేసుకునే కూతల్లో చాలావరకు 20,000కి పైనే ఉంటాయి. అంటే వరి మడిలో, ప్రహరీ కింద ఎలుకలు మాట్లాడుకుంటుంటే జిమ్మీకి వినిపిస్తుంది, అత్తగారికి వినిపించదు. ఆమెకి మిగిలేది ఉత్త గోడ, దాన్ని చూసి అరిచే కుక్క. భయపడరా మరి! కోతలైపోయాక చేలో ఎలుకలు, పందికొక్కులు ఇళ్ల వైపు మళ్లుతాయి. ఏప్రిల్లో చేల పక్క ఇళ్ల కుక్కలు ఎక్కువ మొరిగితే ముందు ప్రహరీ చుట్టూ బొరియలు వెతకమంటాను నేను.

అందుకే మొదటి పని, ఒక నోటుపుస్తకం. "రాత్రంతా" అని రాశారు. ఏ కుక్కా రాత్రంతా మొరగదు, విడతలు విడతలుగా మొరుగుతుంది. నిద్ర చెడినవాళ్లకి మాత్రం రాత్రంతా అనిపిస్తుంది. ఒక వారం పాటు ఎప్పుడు మొదలుపెట్టింది, ఎంతసేపు, ఎటు తిరిగి, ఎలాంటి గొంతుతో, ఇవి రాయండి. మీరు లేవలేకపోతే పాత ఫోను కిటికీలో పెట్టి రికార్డు చెయ్యండి. మీ రోడ్డు మీద నేనూహించగలిగినవి చెబుతాను. రొయ్యలు పట్టిన రాత్రి ఐసు బండ్లు, ట్రేల బండ్లు ఏ అర్ధరాత్రో పోతాయి, ఆ వాసన ఒక్కటి చాలు. తెల్లవారుజామున పాలబండి, పేపరు అబ్బాయి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు నాలుగింటికే చన్నీళ్ల స్నానానికి లేస్తారు, ధనుర్మాసంలో గుడి మైకు. మీ పట్టికలో మొరుగుడు రోజూ ఒకే వేళకి వస్తుంటే దెయ్యం కాదు, బండి.

గొంతు కూడా చాలా చెబుతుంది. గబగబా మూడు నాలుగు అరుపులు, ఆగి చెవులు రిక్కించి, మళ్లీ మూడు నాలుగు: ఎవరో వస్తున్నారు, లేవండి అని. ఒకే తీరున, ఒకే ఎడంతో, దేన్నీ చూడకుండా, ఒక్కో అరుపు చొప్పున గంటల తరబడి సాగితే ఒంటరితనం, ఏమీ తోచకపోవడం. పగలంతా కట్టేసిన కుక్కల్లో ఎక్కువగా వినిపించేది ఇదే, చుట్టుపక్కల వాళ్లకి పిచ్చెక్కించేదీ ఇదే. సన్నగా, మధ్యలో కుయ్ కుయ్‌మంటూ మీ తలుపు వైపు తిరిగి అరిస్తే మీరు కావాలి, లేదా బయటికి పోవాలి. తల ఎత్తి ఊళపెట్టడం వేరు, అది దూరంగా ఉన్న కుక్కలకి జవాబు. అంబులెన్సు సైరనుకీ అలాగే ఊళపెడతాయి, ఎవరి చావుకీ కాదు.

ఇంకో రకం ఉంది, దాన్ని మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. ఒకే చోటికి తిరిగి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ముందుకి ఉరికి వెనక్కి గెంతుతూ మొరిగితే టార్చి వేసి దూరం నుంచి చూడండి. చేను పక్క ఇల్లు కాబట్టి చెబుతున్నాను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, ఎక్కువగా కింద పడుకున్నవాళ్లనే కాటేస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. ఆ మొరుగుడు మీ ప్రాణం కాపాడేది. కుక్కని లోపలికి పిలిచి, పాములు పట్టేవాళ్లకి కబురు పెట్టండి. కర్ర పట్టుకుని మీరు దిగకండి.

పట్టిక రాస్తూనే పగలు మార్చడం మొదలుపెట్టండి. దానికి వారం ఆగక్కర్లేదు. పొద్దున ఏడు లోపల ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి, అరగంట పైగా తిప్పాలి. రోడ్డు మీద అరచేతిని వెనక్కి తిప్పి పెట్టి చూడండి, మీ చెయ్యి ఆగలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. తిప్పడమంటే గొలుసు పట్టి ఈడ్చుకుపోవడం కాదు. ఆగి వాసన చూస్తానంటే చూడనివ్వండి. ప్రతి స్తంభం దగ్గరా దానికి ఆ వీధి వార్తలన్నీ ఉంటాయి. వాసన చూసి చూసి కుక్క అలసినట్టు పరిగెత్తి కూడా అలవదని నా అనుభవం. చాలామంది మగవాళ్లు బండి మీద కూర్చుని పక్కన కుక్కని పరిగెత్తిస్తారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గొలుసు సంగతి కూడా చెప్పాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షను ఉంది. పొట్టి గొలుసుతో, బరువు గొలుసుతో కుక్కని గంటల కొద్దీ కట్టెయ్యడం దాని ప్రకారం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకుండా వదిలెయ్యడం కూడా నేరమే, దీన్ని విడిగా రాశారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మన వైపు గేటున్న ప్రతి ఇంట్లో ఇది మామూలైపోయింది, తప్పని ఎవరికీ తోచదు. పగలు మేడ మీద నీడ ఉంటే అక్కడో, పెరట్లోనో వదలండి. కట్టక తప్పని వేళ గొలుసు పొడుగ్గా ఉండాలి, నీళ్ల గిన్నె అందేట్టు ఉండాలి, రెండు మూడు గంటలు దాటకూడదు.

తిండి రాత్రి తొమ్మిదిన్నరకి, మీరు తిన్నాక మిగిలింది పెడుతున్నారు. దాన్ని రెండు పూటలు చెయ్యండి, రెండో పూట సాయంత్రం తిరిగొచ్చాక ఏడింటికల్లా అయిపోవాలి. తొమ్మిదిన్నరకి తిన్న కుక్కకి అర్ధరాత్రి బయటికి వస్తుంది, అప్పుడు అరవక ఏం చేస్తుంది? అన్నంలో గుడ్డో, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడి మాంసమో కలపండి. ఉత్త అన్నం, చారు నీళ్లతో దానికి కడుపు నిండుతుందే గానీ తృప్తి ఉండదు. చేపల పులుసు కలిపిన అన్నం అసలొద్దు. మన పులుసు ఎంత గొప్పదైనా అందులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లి కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఉడికించిన ఎముకలూ వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. పడుకునే ముందు, పది గంటలకి, ఒక్క ఐదు నిమిషాలు బయటికి తీసుకెళ్లి తీసుకురండి.

తర్వాత పడక. గేటు దగ్గర వదలడం ఈ రాత్రి నుంచే మానెయ్యండి. మీ ఇంట్లో మడీ ఆచారం ఉంది, కుక్క లోపలికి రాకూడదని రాశారు కదా, సరే. వెనక వైపు గిన్నెలు తోమే చోటో, వరండాలో మీ పడకగది కిటికీ కిందో గోనెపట్టా వెయ్యండి. మీ దగ్గు వినబడేంత దూరంలో పడుకున్న కుక్క చాలా నిబ్బరంగా ఉంటుంది. గేటు ఊచల మధ్య నుంచి వీధి కనబడకుండా కింది సగానికి రేకో, పట్టానో కట్టండి. వీధి కనబడకపోతే మొరిగేది చాలావరకు తగ్గుతుంది. ఒక టేబుల్ ఫ్యాను దాని వైపు పెడితే దోమలూ పోతాయి, ఆ హోరులో చిన్నచిన్న చప్పుళ్లూ కలిసిపోతాయి. దొంగల భయం ఉందంటారా? వెనక నుంచి మొరిగినా దొంగకి వినబడుతుంది.

ఇక్కడ రొయ్యల గుంటల కుక్కల గురించి చెప్పాలి. గుంటల మీద రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్లకి గాలి అందించే యంత్రాలు, హోరెత్తిపోతుంటాయి, మేత చల్లేవాళ్లు లైట్లు వేసుకుని గట్ల మీద తిరుగుతుంటారు, జనరేటరు, బండ్లు. ఆ గోలలో కుక్కలు హాయిగా పడుకుంటాయి. ఏరియేటరు ఆగిపోతే మాత్రం లేచి మొరుగుతాయి. కరెంటు పోయిన సంగతి కాపలావాడికి కుక్క చెప్పిన గుంటలు నేను చూశాను. కుక్క శబ్దానికి మొరగదు, మార్పుకి మొరుగుతుంది. రోజూ ఉండేది ఏదైనా, దానివల్ల ఏ హానీ లేదని తెలిస్తే వదిలేస్తుంది. జిమ్మీకి పాలబండి ఇంకా మార్పుగానే ఉంది, ఎందుకంటే అది మొరిగిన ప్రతిసారీ బండి వెళ్లిపోతుంది. నేనే తరిమేశాననుకుంటుంది. మీరు లోపల్నుంచి "నోర్ముయ్" అని అరిస్తే, మా అమ్మ కూడా నాతో కలిసి మొరుగుతోంది అనుకుంటుంది.

అరవకుండా ఏం చెయ్యాలంటే, ముందు పగలు నేర్పాలి. ఇంట్లో ఎవరినైనా బయటికి పంపి గేటు మెల్లగా తట్టమనండి. మొరగ్గానే మీరు దాని దగ్గరికి నడిచి వెళ్లి, గేటు వైపు ఒకసారి చూసి, మామూలు గొంతుతో "చాలు" అనండి. అనేసి దాని పట్టా దగ్గరికి పిలవండి. రెండు మూడు సెకన్లు నోరు మూసిందా, వెంటనే చికెన్ ముక్క. మొరుగుతుండగా ఇవ్వొద్దు, ఇస్తే మొరుగుడికి కూలిచ్చినట్టే. రెండు సెకన్లని ఐదు, పది, అరనిమిషం దాకా లాగండి. ఒక్కసారికి ఐదు నిమిషాలకి మించి చెయ్యకండి, రోజుకి రెండు మూడుసార్లు చాలు. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. మీరు "చాలు" అని, మీ ఆయన "ఛీ" అని, అత్తగారు చీపురు విసిరితే అది దేన్ని నేర్చుకుంటుంది? పగలు కుదిరాక రాత్రి అదే పద్ధతి, లేచి వెళ్లి, చూసి, "చాలు", పట్టా, ముక్క. మొదట్లో లేవక తప్పదు. రానురాను కిటికీలోంచి మాట అంటే సరిపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఎవరో వచ్చారని మొరిగితే మీరు వెళ్లాలి. మీరు కావాలని మొరిగితే మాత్రం వెళ్లకూడదు. కడుపు నిండి, బయటికి వెళ్లొచ్చి, ఒంట్లో బాగుండి, ఉత్తినే మిమ్మల్ని పిలుస్తున్న మొరుగుడికి తలుపు తియ్యొద్దు, కిటికీలోంచి తిట్టొద్దు కూడా, తిట్టడమూ పలకరింపే దానికి. మొదటి రెండు మూడు రాత్రులు ఎక్కువవుతుంది. అప్పుడు విసుగొచ్చి తలుపు తీశారా, గంటసేపు మొరిగితే తలుపు తెరుచుకుంటుందని మీరే నేర్పినవాళ్లవుతారు. అందుకే ఆ రాత్రుల సంగతి పక్కింటాయనకి ముందే చెప్పాలి.

అవును, ఆయన దగ్గరికి మీరే వెళ్లండి. ఆయన మళ్లీ వచ్చేదాకా ఆగకండి. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. దగ్గర్నుంచి కుక్క మొరుగుడు దానికి రెట్టింపు అంకె దాకా పోతుంది. పసిబిడ్డ ఇంట్లో ఆయన కోపం న్యాయమే. మేం ఫలానా ఫలానా చేస్తున్నాం, నెల రోజులు ఓర్చుకోండి, ఏ వేళకి మొరిగిందో మీరూ కాస్త రాసిపెట్టండి అని అడగండి. పనిలో భాగం ఇస్తే మనిషి చల్లబడతాడు.

వీధి కుక్కల సంగతి. ఒకటి మొదలుపెడితే లేఅవుటంతా అందుకుంటాయి, జిమ్మీ వాటికి జవాబు చెబుతుంది. రాత్రి మిగిలిన అన్నం గేటు ముందు పారెయ్యడం మీ వీధిలో ఉందేమో చూడండి. ఉంటే, ఆ ఎంగిలి కోసమే పది గంటల తర్వాత అక్కడ కొట్లాట. పెట్టదలిస్తే చీకటిపడక ముందే, ఇళ్లకి దూరంగా ఒక చోట పెట్టండి. కుక్కల్ని పట్టించి ఎక్కడో వదిలించాలని లేఅవుటులో ఎవరో ఒకరు అంటారు, దాని వల్ల లాభం లేదు, ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తాయి. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషను, రేబీస్ టీకా చేసి పట్టిన చోటే వదలాలి. ఆ పని కోసం నగరపాలక సంస్థకి అందరూ కలిసి అర్జీ ఇవ్వండి.

జిమ్మీకి కూడా ఆపరేషను చేయించాలా అంటే, నేను చేయించమనే అంటాను. కార్తీకంలో ఎక్కడో ఒక ఆడకుక్క ఎదకొస్తే చాలు, ఇది తిండి మానేసి రాత్రంతా ఏడుస్తుంది, గోడ దూకి రోడ్డున పడుతుంది. అది తగ్గుతుంది. కానీ పాలబండికి మొరగడం ఆపరేషనుతో పోదు, ఎవరైనా పోతుందని చెబితే నమ్మకండి.

ఒకసారి ఒళ్లంతా తడిమి చూడండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద పిడుదులు ఉంటే రాత్రిళ్లు దురదతో లేచే ఉంటుంది. మన కోస్తాలో పిడుదుల జ్వరాలు కూడా ఎక్కువ. తల విదిలిస్తుంటే, చెవి వాసనొస్తుంటే చెవిలో చీము. ఇవి డాక్టరుకి చూపించాలి, పొలం మందులు నీళ్లలో కలిపి పుయ్యకండి. ముసలి కుక్క అయితే మతి తప్పి రాత్రీ పగలూ తారుమారవడం గురించి రాసేవాణ్ని, జిమ్మీ వయసుకి ఆ భయం లేదు. ఉన్నట్టుండి గొంతు బొంగురుపోయి, చొంగ కారుస్తూ, మింగలేక, ఎదురొచ్చినదాన్నల్లా కరవబోతుంటే మాత్రం అది రేబీస్ కావచ్చు, దగ్గరికి వెళ్లకండి, వెంటనే పశువుల డాక్టరుకి చెప్పండి. ఏటా వెయ్యాల్సిన రేబీస్ టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే రేపే వేయించండి.

వానాకాలం విషయం ఒక్కటి. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఉరుములూ తుఫాన్లూ అప్పుడే. దీపావళి కూడా ఆ రోజుల్లోనే. ఉరుముకి వణికే కుక్కకి "చాలు" పాఠం పనిచెయ్యదు, అది భయం. ఆ రాత్రి వరకైనా ఆచారం పక్కనపెట్టి లోపలికి రానివ్వమని అత్తగారిని బతిమాలండి. దగ్గర కూర్చోబెట్టుకుని నిమిరితే భయం అలవాటైపోతుందని కొందరంటారు, అదేం లేదు, నిమరండి.

ఇదంతా చేస్తే మూడు నాలుగు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది. మొదట పోయేది ఒకే తీరున సాగే ఆ పొడుగు మొరుగుడు, బండ్లకి మొరిగేది నెమ్మదిగా తగ్గుతుంది. వారం పట్టిక పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక మొరిగినప్పుడు చేను వైపు తిరిగిందా, రోడ్డు వైపు తిరిగిందా అనేది తప్పకుండా రాయండి. చేను వైపైతే పగలు ఆ ప్రహరీ పునాది వెంబడి తాజా మట్టి కుప్పలున్నాయేమో చూసి రాయండి.